వెయ్యిన్ని తొమ్మిది

ఫిబ్రవరి 4, మంగళవారం, ఉదయం

ముందుగా నా తెలుగుకు క్షమాపణ. నలభై దాటాక రాత్రి బడిలో చేరి పదో తరగతి గట్టెక్కినవాణ్ణి. ఒత్తులు ఎక్కడ జారిపోతాయో, వాక్యం ఎక్కడ తడబడుతుందో నాకే తెలియదు. ఇది నా కోసమే రాసుకుంటున్న పుస్తకం కనుక క్షమాపణ ఎవరికన్న ప్రశ్న వస్తుంది. నాకే. రాసేవాడూ చదివి చిన్నబుచ్చుకునేవాడూ ఒకడే అయినంత మాత్రాన మర్యాద మానుకోనక్కర్లేదు.

రాయడానికి కారణం నిన్న మాస్టారు నాకొక బాధ్యత అప్పగించడం.

మా రాత్రి బడికి ఎట్టకేలకు గుర్తింపు వచ్చింది. తలుపు పైన రేకు పలక బిగించారు. దాని మీద గుర్తింపు సంఖ్య: 1022117. మాస్టారు పాఠం మానేసి, కుర్చీ గుమ్మంలోకి లాక్కుని, ఆ పలక కింద కూర్చుని చాలాసేపు దాన్నే చూశారు.

"పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు," అన్నారు. "సరిసంఖ్య కాదు. అంకెలు కూడితే పద్నాలుగు, కాబట్టి మూడుతో పోదు. అయిదుతో పోదు. ఏడుతో భాగిస్తే అయిదు మిగులుతోంది. ఏమయ్యా అద్దాలయ్యా, ఇది ప్రధాన సంఖ్య అయితే ఎంత బాగుంటుంది. మనల్ని ఎవడూ పంచుకోలేడు."

అద్దాలయ్య అంటే నేను. గాజు కోసే దుకాణంలో పని కనుక ఆయన పెట్టిన పేరు. ప్రధాన సంఖ్య నిర్వచనం నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను: ఒకటీ, తానూ తప్ప మరే సంఖ్యా శేషం లేకుండా భాగించలేనిది. పరీక్ష గట్టెక్కాక కూడా బడి విడిచిపెట్టకుండా లెక్కల్లో మాస్టారికి సహాయకుడిగా ఉంటున్నది అందుకే. జీతం లేదు. గౌరవం ఉంది.

"ఫోనులో కొడితే చిటికెలో చెప్తుంది కదా మాస్టారూ," అంది ఇస్త్రీ చెల్లెమ్మ. ఆమె ఆసుపత్రి బట్టల విభాగంలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఈ ఏడు పరీక్షకు కూర్చోవలసిన మనిషి.

"ఫోను చెబితే విన్నట్టమ్మాయ్. భాగిస్తే తెలిసినట్టు."

పని ఇద్దరికీ పంచారు. అయిదు వందల లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో ఆమె భాగించాలి. ఆ పైవాటితో నేను. ఎంతవరకు వెళ్లాలో తేల్చే పని కూడా నాదే. 1010ని దానితోనే హెచ్చించాను, మన సంఖ్యకు తక్కువ వచ్చింది. 1011ని హెచ్చించాను, కొద్దిగా దాటింది. దాటింది కనుక దాన్ని వదిలేశాను. భాజకాలు జంటగా వస్తాయి, ఆ జంటలో చిన్నది 1010 లోపే ఉండి తీరాలి. కనుక హద్దు 1010.

ఈ హద్దు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కనిపించలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

పాఠ్యపుస్తకం వెనక ప్రధాన సంఖ్యల పట్టిక ఉంది. నా వంతులో మొదటిది 503. శేషం 21.

దుకాణంలో మధ్యాహ్నం బేరం లేనప్పుడు ప్యాకింగు అట్టల మీద భాగాహారాలు చేస్తున్నాను. యజమాని చూసి, "మీ బడిలో జీతం ఎప్పటినుంచి ఇస్తున్నారు?" అని అడిగాడు. నేను ఇంకో అట్ట అందుకున్నాను. వెటకారానికి జవాబు చెప్పడం దాన్ని గౌరవించడమే.

గాజు పనికీ భాగాహారానికీ చుట్టరికం ఉంది. పలక మీద కోత చక్రంతో గీత ఒక్కసారే గీయాలి. గీత సరిగా పడలేదని దాని మీదే మళ్లీ గీస్తే పలక అడ్డదిడ్డంగా పగులుతుంది. కోసిన గాజుకు క్షమాపణ అతకదని కొత్తగా పనిలో చేరినవాళ్లకు చెబుతుంటాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

809 దాకా వచ్చాను. సున్నా ఎక్కడా రాలేదు. ఇస్త్రీ చెల్లెమ్మ నాకంటే ముందుంది. చిన్న సంఖ్యలు కదా.

ఫిబ్రవరి 15, శనివారం, ఉదయం

నిన్న సాయంత్రం బడికి వెళ్లేసరికి ఆమె కాగితాల కట్ట మాస్టారి బల్ల మీద ఉంది. చివరి సంఖ్య 499, శేషం 165. కాగితాల అంచులకు ఆవిరి తగిలి అలలు తేలాయి.

"చెల్లెమ్మ పూర్తి చేసేసింది. నీదెంతవరకు వచ్చిందయ్యా?" అన్నారు మాస్టారు.

"మీరు తొందరపెట్టకండి మాస్టారూ," అంది ఆమె. "అన్నయ్యవి పెద్ద సంఖ్యలు. నావి పిల్ల సంఖ్యలు." అంటూనే దగ్గింది. ఆ దగ్గు చాలాకాలంగా ఉంది. ఆవిరి గదిలో ఇంక ఉండకూడదని డాక్టరు చెప్పాడట. వార్డులకు దుప్పట్లు లెక్కపెట్టి ఇచ్చే కిటికీ దగ్గర చోటు ఖాళీ అవుతోంది. దానికి పదో తరగతి ఉండాలి. అందుకే ఈ పరీక్ష.

తరగతి అంతా నావైపు చూస్తోంది. నా దగ్గర పట్టికలో చివరిది 997. దాన్ని ఆ మధ్యాహ్నమే ముగించాను. శేషం 192.

"అయిపోయింది మాస్టారూ. నిశ్శేషంగా పోయేది ఒక్కటీ లేదు," అన్నాను.

పట్టిక అయిపోయింది కనుక పని అయిపోయినట్టే. 997కీ 1010కీ నడుమ ఉన్నది చారెడు జాగా. అందులో సరిసంఖ్యలు పోతాయి, మూళ్లు పోతాయి, అయిదులు పోతాయి. మిగిలేది ఏముంటుంది? ఇంత పెద్ద సంఖ్య, ఇన్ని ప్రధాన సంఖ్యలకు లొంగనిది, గుమ్మంలో లొంగుతుందా?

నేను అబద్ధం చెప్పలేదు. చేసినవాటిలో నిశ్శేషంగా పోయేది ఒక్కటీ లేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

మాస్టారు గోడకు రాయించడానికి పెయింటర్ని పిలిపించారు. 'మన సంఖ్యను ఎవరూ భాగించలేరు' అని నీలం అక్షరాలు. పెయింటర్ 'మన సంఖ్యను ఎవరూ' వరకు రాసి, రంగు ఆరడానికి బీడీ వెలిగించుకుని, ఊరికే ఉండలేక పలక మీది సంఖ్యను ఫోనులో కొట్టాడు.

"మాస్టారూ, ఇది ప్రధాన సంఖ్య కాదంటోంది నా ఫోను. భాగించేవి కూడా చూపిస్తోంది, చదవనా?"

"నోరు మూసుకో నాయనా," అన్నారు మాస్టారు, ఎంతో మెత్తగా. "ఫోను జేబులో పెట్టు. కాదని విన్నాం, చాలు. ఎందుకు కాదో మేం తేల్చుకుంటాం."

పెయింటర్ సగం కూలి తీసుకుని సగం వాక్యం వదిలేసి పోయాడు. వెనక బెంచీవాళ్లు అప్పుడే మిగతాది పూరించడం మొదలుపెట్టారు: మన సంఖ్యను ఎవరూ తినలేరు. మన సంఖ్యను ఎవరూ పెళ్లాడరు.

మాస్టారు ఎవరినీ నిందించలేదు. ఎక్కడో ఒక శేషం జారిపోయి ఉంటుంది, ఇద్దరూ మళ్లీ చూడండి అన్నారంతే.

ఎవరి దగ్గర జారిందో ఊహించడం కష్టం కాదు. ఇస్త్రీ చెల్లెమ్మకు భాగఫలంలో సున్నా మింగేసే అలవాటు ఉంది. పోయిన ఏడాది నేనే ఎన్నోసార్లు దిద్దాను. మనిషి మంచిదే, పట్టుదల ఉంది, కానీ లెక్కకు పట్టుదల ఒక్కటే చాలదు.

ఫిబ్రవరి 19, బుధవారం, ఉదయం

1022117 ÷ 1009 = 1013. శేషం లేదు.

ఫిబ్రవరి 19, సాయంత్రం

దుకాణం తెరవకముందే చూశాను. ఎందుకు చూశానో చెప్పలేను. 1001 ఏడుతో పోతుంది. 1003 పదిహేడుతో పోతుంది. 1007 పందొమ్మిదితో పోతుంది. 1009 దేనితోనూ పోలేదు. సరే, భాగిద్దాం అనుకున్నాను. చివరి తీసివేతలో రెండు వరుసల అంకెలూ ఒకదాని కింద ఒకటి అచ్చుగుద్దినట్టు నిలబడ్డాయి.

తర్వాత ఒక కిటికీ అద్దం కోశాను. కొలత తప్పింది. ఇన్నేళ్లలో తప్పలేదని కాదు, ఈరోజు కూడా తప్పిందని.

మాస్టారికి శుక్రవారం చెబుతాను. ఇలాంటి విషయం తరగతి నిండుగా ఉన్నప్పుడు చెప్పడమే పద్ధతి.

ఫిబ్రవరి 22, శనివారం

చెప్పలేకపోయాను. ఆమె ముందు మాట్లాడింది.

"నాదే తప్పయ్యుంటుంది మాస్టారూ. మూడు వందల పదమూడు దగ్గర దగ్గు తెర వచ్చింది. అక్కణ్ణుంచి చెయ్యి ఎలా పోయిందో ఏమో. మొత్తం మళ్లీ చేస్తాను."

"మొత్తం ఎందుకమ్మాయ్, అనుమానం ఉన్నచోట చూడు."

"నాకు అన్నిచోట్లా అనుమానమే."

నవ్వారు అందరూ. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఆగేసరికి చెప్పే సమయం దాటిపోయింది. ఆ తర్వాత చెబితే ఆమెను అందరి ముందూ వెర్రిదాన్ని చేసినట్టు ఉండేది. ఆమె పరువు కోసమే ఆగాను.

పై వాక్యం చదివి చూసుకున్నాను. ఉండనిస్తాను.

ఫిబ్రవరి 24, సోమవారం

ఈరోజు గాజు లోడు వచ్చింది. బడికి వెళ్లలేదు.

ఫిబ్రవరి 26, బుధవారం

ఆమె బడి మొదలు కాకముందే వచ్చి కూర్చుంటోంది. పరీక్ష పాఠాలు పక్కన పెట్టి భాగాహారాలే చేస్తోంది. నేను పక్కనుంచి వెళుతూ చూశాను. 313 దగ్గర శేషం 172. సరిగ్గా ఉంది. ఎక్కడా సున్నా మింగలేదు.

"అన్నయ్యా, ఒకసారి చూస్తారా? నా కంటికి అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. అదే భయంగా ఉంది. తప్పు కళ్లెదుట ఉన్నా కనిపించట్లేదంటే ఇంక నేను పరీక్షలో ఏం చేస్తాను?"

"బాగానే చేస్తున్నావమ్మా," అన్నాను.

"మీరు మొహమాటానికి అంటున్నారు."

మొహమాటం నాకు అలవాటు లేదని అనబోయాను. అనకుండా నా బెంచీ వైపు నడిచాను.

ఇంటికి వచ్చాక నా భార్య కంచం ముందు పెట్టి, నా ఎదురుగా కూర్చుంది. "ఏమిటండీ, ముఖం మీద ఎవరో గీత గీసినట్టుంది. విరగడమే తరువాయి."

"బడి విషయం."

"బడి విషయాలు మీరు లొడలొడా చెబుతారు కదా. కసాగు, గసాభా అంటూ నా ప్రాణం తీస్తారు. చెప్పని విషయమంటే అది బడిది కాదు, మీది."

నేను భోజనం ముగించి లేచాను. ఆమె నన్ను లేవనిచ్చింది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఈరోజు పరీక్షకు కూర్చునేవాళ్ల పేర్లు పంపే ఆఖరి రోజు.

ఇస్త్రీ చెల్లెమ్మ తన పేరు పంపవద్దంది. రెండోసారి కూడా మొత్తం భాగించిందట. తప్పు దొరకలేదట. "ఉన్న తప్పును రెండుసార్లు చూడలేనిదాన్ని, దుప్పట్లు ఏం లెక్కపెడతాను మాస్టారూ. వార్డులో ఎవరికో దుప్పటి తక్కువైతే ఆ పాపం నాకెందుకు. వచ్చే ఏడు చూద్దాం."

"కిటికీ దగ్గర చోటు వచ్చే ఏటిదాకా ఆగుతుందా?"

"ఆగదు. ఇంకెవరినో పెడతారు." చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. "ఆవిరి నాకు కొత్తా ఏమిటి."

మాస్టారు నావైపు తిరిగారు. "నువ్వు లెక్కలు చూసేవాడివి. ఏమంటావయ్యా? వద్దన్నా పేరు పంపమంటావా?"

ఆయన కలం మూత తీసే ఉంది. గోడ మీద 'మన సంఖ్యను ఎవరూ' అని నీలం అక్షరాలు. ఒక్క సంఖ్య పలికితే చాలు. నాలుగంకెల సంఖ్య.

"ఆమె ఇష్టం మాస్టారూ," అన్నాను.

ఆయన మూత పెట్టేశారు.

మార్చి 2, ఆదివారం

నా భార్య అడగలేదు. నేనే చెప్పాను. మొదటినుంచి, హద్దు దగ్గరనుంచి.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విని, చేట పక్కన పెట్టింది. "అయితే తప్పు చేసినందుకు కాదు మీ బాధ. అది తప్పని ఆమె కంటే ముందు తెలిసినందుకు."

"రేపు చెబుతాను."

"చెప్పండి. కానీ మీ సంగతి నాకు తెలుసు. చెప్పేదాన్ని కూడా అద్దంలా అంచులు అరగదీసి చెబుతారు, ఎవరి చెయ్యీ తెగకుండా. ముఖ్యంగా మీది."

మార్చి 3, సోమవారం

చెప్పాను.

బోర్డు మీద 1009 × 1013 అని రాసి పక్కకు తప్పుకున్నాను. మాస్టారు తానే సుద్దముక్క తీసుకుని హెచ్చించారు. చివరి అంకె రాశాక కింది నుంచి పైకి మళ్లీ సరిచూశారు. ఆ తర్వాత ఆయన ముఖం విచ్చుకుంది.

"మన పట్టిక 997 దగ్గర ఆగిపోయింది కదయ్యా. ఇది దాని తర్వాతిది. అంటే తప్పు మనిషిది కాదు, పుస్తకానిది."

నేను తల వంచుకున్నాను. అందరూ అది వినయం అనుకున్నారు.

మాస్టారికి ఉత్సాహం ఆగలేదు. బోర్డు తుడిచి మళ్లీ రాశారు. "ఇటు చూడండి. 1011ని దానితోనే హెచ్చిస్తే 1022121. మన సంఖ్య దానికి నాలుగే తక్కువ. నాలుగు అంటే రెండు రెళ్లు. వర్గంలోనుంచి వర్గం తీసేస్తే ఏమొస్తుంది? మొత్తాన్ని తేడాతో హెచ్చించినట్టు. 1011కి రెండు కలుపు, రెండు తీసెయ్. 1013, 1009. అయిపోయింది. కింది నుంచి వెతికాం కాబట్టి ఆఖరిదైంది. పైనుంచి వెతికుంటే ఇదే మొదటిది."

కొద్దిగా దాటింది అని నేను ఈ పుస్తకంలో రాసుకున్నది ఆ 1022121నే. ఎంత దాటిందో చూడలేదు.

"ఎప్పుడు దొరికిందయ్యా నీకు?" అన్నారు మాస్టారు.

"నిన్న," అన్నాను.

ఇస్త్రీ చెల్లెమ్మ బెంచీ మీద ముందుకు వంగింది. "అయితే నా లెక్కల్లో తప్పు లేదన్నమాట."

"లేదమ్మా."

"రెండోసారి చేసినవాటిలో కూడా?"

"లేదు."

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వు మిగిలింది. "మీరు కాబట్టి కనిపెట్టారన్నయ్యా. మూడు రోజుల ముందు దొరికుంటే నా పేరు కూడా వెళ్లుండేది. పోనీలెండి, దొరకడం మీ చేతుల్లో ఉందా."

తరగతి అయ్యాక మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి, వచ్చే ఏడు నుంచి లెక్కల తరగతి పూర్తిగా నన్నే చెప్పమన్నారు. పదేళ్లుగా నేను వినాలనుకున్న మాట అది.

అంచులు బాగా అరిగాయి. ఎవరి చెయ్యీ తెగలేదు.

మార్చి 4, మంగళవారం

మాస్టారు పరీక్షల కార్యాలయానికి స్వయంగా వెళ్లి అడిగారట. గడువు దాటాక పేరు చేర్చడం కుదరదన్నారట. "నీ తప్పేముందయ్యా," అని నన్నే ఓదార్చారు.

మార్చి 5, బుధవారం, ఉదయం

నిన్న పనిమీద ఆసుపత్రి వీధికి వెళ్లాను. బట్టల విభాగం వెనక తలుపు తెరిచి ఉంది. పెద్ద రోలరు తిరుగుతోంది. తడి దుప్పటి ఒక వైపు నుంచి లోపలికి పోయి, మరో వైపు నుంచి పొగలు కక్కుతూ వస్తోంది. ఆమె దాని అంచు పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి లాగుతోంది. ఆవిరి కాస్త పల్చబడ్డాకే ఊపిరి వదులుతోంది. మళ్లీ ఇంకో దుప్పటి. ఊపిరిని అలా కొలిచి వాడుకునే మనిషిని నేను మరొకరిని చూడలేదు. నన్ను చూడలేదామె. లెక్కల తరగతికి తీసుకువెళ్లే సుద్దముక్కల డబ్బా నా చేతిలో ఉంది. దాన్ని జేబులోకి తోసేశాను.

ఈ పుస్తకం నా కోసమే అని మొదట రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

దీన్ని మొదట ఇస్త్రీ చెల్లెమ్మ చదవాలి. తీరిక లేకపోతే మొత్తం చదవనక్కర్లేదు. ఫిబ్రవరి 19 తీసి అక్కడి ఒక్క వరుసా చూస్తే చాలు. ఆ తర్వాత 28. ఆ తర్వాత మార్చి 3లో నేను 'నిన్న' అన్నచోటు. నడుమ ఉన్న తేడా నేను రాయను. తీసివేత ఆమెకు నాకంటే బాగా వచ్చు. ఫిబ్రవరి 18న ఆమె గురించి రాసిన మాటలు కొట్టివేయలేదు, ఆ పేజీ చింపలేదు. అవి కూడా ఆమెవే.

ఆమె చదివాక మాస్టారికి ఇవ్వాలో వద్దో ఆమె ఇష్టం. ఈసారి ఆ మాట తప్పించుకోవడానికి అనడం లేదు. ఇవ్వాలనుకుంటే, ఫిబ్రవరి 4 పేజీ ఆఖరి రెండు పేరాలు మొదట చూడమని ఆయనకు చెప్పాలి. హద్దు నాకు తెలుసు. తప్పు పుస్తకానిది కాదు. లెక్కల తరగతి ఎవరు చెప్పాలో అప్పుడు ఆయన తేల్చుకుంటారు.

నా భార్యకు ఇవ్వనక్కర్లేదు. ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం వాళ్లకు భోజన విరామం. ఆ వెనక తలుపు దగ్గర నేనే ఆమె చేతికి ఇచ్చి, చదువుతున్నంతసేపూ అక్కడే నిలబడతాను. తెలుగు తప్పులు మన్నించమంటాను. మిగతావి మన్నించమని అడగను.